చెయ్యి పడని వింటేజ్ కారు: కొనే ముందు పరీక్ష

ఫ్యాక్టరీ గేటు దాటినప్పటి రేకు, రంగు, సీట్లు, ఇంజిన్ చాలావరకు అలాగే ఉండి, ఎవరూ పూర్తిగా విప్పి కొత్తదానిలా తయారు చేయని పాత కారును పునరుద్ధరణ జరగని కారు అంటారు. వాడుకలో చెప్పాలంటే చెయ్యి పడని బండి. ‘వింటేజ్’ అన్న మాటకు మాత్రం దేశాన్ని బట్టి అర్థం మారుతుంది. బ్రిటన్ అభిమానుల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజ్. అంతకు ముందువాటికీ తర్వాతివాటికీ వేరే పేర్లున్నాయి. మన దేశంలో 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు వచ్చిన సవరణ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు ఆ కోవలోకి వస్తాయి. ఇలాంటి కారు అమ్మకానికి వచ్చినప్పుడు ప్రకటనలో మొదట కనిపించే మాట ‘రన్నింగ్ కండిషన్’. చూడటానికి వెళ్లినవారు కూడా ముందు బోనెట్టు ఎత్తించి, సెల్ఫ్ కొట్టించి, ఇంజిన్ చప్పుడు వింటారు. ఈ వరుస తలకిందులుగా ఉందన్నదే ఈ వ్యాసం చెప్పదలచింది. డబ్బు పెడితే తిరిగి వచ్చేదాన్ని చివర చూడవచ్చు. ఎంత పెట్టినా తిరిగి రానిదాన్ని ముందు చూడాలి. పాత కారులో తిరిగి రానివి ముఖ్యంగా మూడు: బరువు మోసే ఇనుము, కారు గుర్తింపు, ఫ్యాక్టరీనాటి పైపూత. ఇంజిన్ నడక ఈ మూడింటి తర్వాతి మాట.

దీనికి సాక్ష్యం అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, తుల్సా నగరంలో ఉంది. 1957 జూన్ 15న అక్కడి న్యాయస్థానం పచ్చికలో కాంక్రీటు గది కట్టి, అందులో ఒక సరికొత్త ప్లిమత్ బెల్వెడేర్ కారును ప్లాస్టిక్ పొర చుట్టి పాతిపెట్టారు. యాభై ఏళ్ల తర్వాతి తరానికి కానుక అన్నమాట. 2007 జూన్‌లో మూత తీసేసరికి గదిలో నీళ్లు నిలిచి ఉన్నాయి. కారు నిలువెల్లా బురద, తుప్పు. మీటరు ప్రకారం అది కొద్ది మైళ్లకు మించి తిరగలేదు. పిస్టన్లు అరగలేదు, గేర్లు అరగలేదు, సీటు మీద సరిగ్గా ఎవరూ కూర్చోలేదు. అయినా అది మళ్లీ రోడ్డెక్కే స్థితికి రాలేదు. ఏళ్ల తరబడి శుభ్రం చేశాక ఇల్లినాయిస్‌లోని ఒక మ్యూజియానికి చేరింది. కారును తినేది తిరుగుడు కంటే తడి అని చెప్పడానికి ఇంతకన్నా కచ్చితమైన ప్రయోగం ఎవరూ కావాలని కూడా చేయలేరు. తక్కువ తిరిగిన కారు మంచి కారు అని సెకండ్ హ్యాండ్ బజారు నేర్పిన లెక్క ఇక్కడ పనిచేయదు.

రెండో సాక్ష్యం ఫ్రాన్స్‌ది. అక్కడ లారీల వ్యాపారి రోజర్ బయోన్ 1950ల నుంచి మ్యూజియం పెట్టాలన్న కోరికతో కార్లు పోగేశాడు. వ్యాపారం దెబ్బతిని 1970ల్లో కొన్ని అమ్ముకోవలసి వచ్చింది. మిగిలినవి దశాబ్దాల పాటు పడమటి ఫ్రాన్స్‌లోని అతని ఇంటి ఆవరణలో రేకుల పాకల కింద ఉండిపోయాయి. 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో 59 కార్లను వేలం వేశారు. వాటిలో ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ వాడిన ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ రుసుములతో కలిపి సుమారు 1.63 కోట్ల యూరోలు పలికింది. అది గ్యారేజీ లోపల, పాత పత్రికల కట్టల కింద, దుమ్ము పట్టి ఉంది. అదే ఆవరణలో పక్కలు తెరిచి ఉన్న పాకల్లోని కార్లలో కొన్నింటికి నేలపలక మిగల్లేదు. అన్నీ ఒకే మనిషివి, అన్నీ నడవనివే. తేడా తెచ్చింది మూడు గోడలూ ఒక తలుపూ. ఫెరారీ మోడలే అరుదైనది కాబట్టి ఆ ధర వచ్చింది, గ్యారేజీ వల్ల రాలేదు కదా అని అడగవచ్చు. నిజమే, ధరలో పెద్ద వాటా మోడల్‌దే. కానీ ఆ కారును కొన్నవారు ఇంజిన్ చప్పుడు విని కొనలేదు. దాని రేకు, నంబర్లు, చరిత్ర పత్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయన్న భరోసాకు వాళ్లు డబ్బిచ్చారు.

కోట్ల ఫెరారీకి చెల్లిన సూత్రం అంబాసడర్‌కూ ఫియట్‌కూ ఎలా చెల్లుతుంది అన్నది తర్వాత వచ్చే ప్రశ్న. చెల్లడానికి ఒక కారణం చట్టమే. 2021 నియమాల్లో వింటేజ్ హోదాకు 50 ఏళ్ల వయసొక్కటే చాలదు. వాహనం అసలు రూపంలో ఉండాలి, చాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ హోదా దొరికితే రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. ఆ కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు రోడ్డు మీదికి తీసుకురావచ్చు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. అంటే మన దేశంలో అసలు రూపం అభిమానుల ముచ్చటగా మిగల్లేదు, అర్హతగా మారింది. పెట్రోలు ధర పెరిగిన రోజుల్లో డీజిల్ ఇంజిన్ బిగించిన అంబాసడర్లు ఊరూరా కనిపించేవి. బాడీ ఎంత మెరిసినా అలాంటి కారు ఈ అర్హత దగ్గర చిక్కుకుంటుంది.

అందుకే పరీక్ష కారు దగ్గర కంటే ముందు కాగితాల దగ్గర మొదలవుతుంది. ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారీ సంవత్సరం, ఇంధనం, రంగు ఒక్కొక్కటీ చదివి కారుతో సరిచూడాలి. నంబరు సాధారణంగా రెండు చోట్ల ఉంటుంది: ఇంజిన్ గది గోడకు రివెట్లతో బిగించిన పలక మీద, ఇనుములోనే కొట్టిన ముద్రగా. పలకను విప్పి ఇంకో కారుకు బిగించడం అరగంట పని. అందుకే నమ్మవలసింది ముద్రను. ఆర్‌టీవో దరఖాస్తులకు చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు తీసే అలవాటు మనవాళ్లకు ఉంది. ఆ పద్ధతే ఇక్కడ మంచి పరికరం. ముద్ర మీద గ్రీజు తుడిచి, పల్చటి కాగితం పరిచి, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దితే అంకెలతో పాటు చుట్టుపక్కల ఇనుము తీరు కూడా కాగితం మీదికి వస్తుంది. ఫ్యాక్టరీ ముద్రలో అంకెలు ఒకే లోతులో, ఒకే వరసలో ఉంటాయి. అంకెల చుట్టూ గ్రైండరు గీతలు సమాంతరంగా కనిపిస్తే, లేదా ఆ ఒక్కచోటే రేకు పల్లంగా, నున్నగా ఉంటే, పాత నంబరు చెరిపి కొత్తది కొట్టినట్టు అనుమానించాలి. కంటికి మురికిగా తోచిన చోట పెన్సిల్ ఆ గీతల్ని పట్టిస్తుంది.

నంబర్ల పద్ధతి అన్ని కార్లకూ ఒకటి కాదు. 17 అక్షరాల అంతర్జాతీయ పద్ధతి అమెరికాలో 1981 నుంచే తప్పనిసరి అయింది. అంతకు ముందు ఏ కంపెనీ లెక్క దానిదే. ఫోర్డ్ మోడల్ టీలో చాలా ఏళ్లు అసలు నంబరు ఇంజిన్ మీదే ఉండేది కాబట్టి ఇంజిన్ మారితే కారు గుర్తింపే మారినట్టు. మోడల్ ఏలో అదే నంబరును చాసిస్ దూలం మీద కూడా కొట్టారు, అయితే అది బాడీ కింద దాగి ఉంటుంది, బాడీ ఎత్తితే గాని పూర్తిగా కనపడదు. నంబరు లేని చోట తేదీలు సాయపడతాయి. బ్రిటిష్ కార్ల లూకాస్ డైనమో, డిస్ట్రిబ్యూటర్, సెల్ఫ్ మోటార్ల మీద తయారీ నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. జనరల్ మోటార్స్ ఇంజిన్ల పోతలో నెలకు ఒక అక్షరం, తర్వాత రోజు, సంవత్సరం అంకెలు ఉబ్బెత్తుగా వస్తాయి. ఈ తేదీలు కారు తయారీకి కొన్ని వారాలో, నెలలో ముందువి కావాలి. 1958 కారులో 1963 డైనమో ఉంటే అది మోసమేమీ కాదు, ఎప్పుడో పాడై మార్చి ఉంటారు. పది భాగాల్లో ఎనిమిదింటి తేదీలు కారు కంటే కొత్తవైతే మాత్రం ‘చెయ్యి పడని’ అన్న మాటను వెనక్కి తీసుకోమనాలి. మన దగ్గర ఇంకో చిక్కు వారసత్వం. ఆర్‌సీలో పేరున్న తాత చనిపోయి ముప్పై ఏళ్లయి ఉంటుంది, అమ్మేది మనవడు. యజమాని మరణించినప్పుడు బదిలీకి ఫారం 31 ఉంది. దానికి వారసులందరి సమ్మతి సమకూరిందా అన్నది అడ్వాన్సు ఇచ్చే ముందే తేలాలి.

కాగితాలు కుదిరాక కారు కింద పడుకోవాలి. అయితే ఎక్కడ చూడాలో తెలియాలంటే కారు ఎలా కట్టారో తెలియాలి. మొదటి తరం కార్లలో లారీకి ఉన్నట్టే విడి చాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఖరీదైన కార్ల బాడీలో ఆష్ కలపతో అస్థిపంజరం కట్టి పైన అల్యూమినియం గానీ ఉక్కు గానీ తొడిగేవారు. బాడీయే బరువు మోసే మోనోకాక్ పద్ధతికి 1922లో లాన్సియా లాంబ్డా, 1934లో సిట్రోయెన్ ట్రాక్సియన్ అవాంట్ దారి చూపించగా, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మామూలు కార్లలో చాలావరకు అటు మళ్లాయి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన హిందుస్థాన్ ల్యాండ్‌మాస్టర్, అంబాసడర్, ఫియట్ 1100 నుంచి పుట్టిన డిలైట్, పద్మిని మోనోకాక్‌లే. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మాత్రం విడి చాసిస్ కారు. ఈ తేడా తెలియనివారు తప్పు చోట భయపడతారు, తప్పు చోట ధైర్యపడతారు. తలుపుల కింద పొడుగునా సాగే సిల్ అంబాసడర్‌లో కారు వెన్నెముకలాంటిది. అది పుచ్చిపోతే కారు నడుము వంగుతుంది. హెరాల్డ్‌లో అదే సిల్ దాదాపు అలంకారం, బోల్టులు విప్పి మార్చుకోవచ్చు. అక్కడ చూడవలసింది చాసిస్ నుంచి పక్కలకు చాచిన ఇనుప చేతుల్ని.

మోనోకాక్‌లో తుప్పు ఎక్కడ పడితే అక్కడ పుట్టదు, నీళ్లు నిలిచే చోట పుడుతుంది. వానలో అద్దాల మీది నీరు తలుపు లోపలికి జారి అడుగున రంధ్రాల గుండా పోవాలి. ఆకులు, దుమ్ము పేరుకుని రంధ్రాలు మూసుకుంటే తలుపు అడుగును తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. ముందు అద్దం కింద గాలి గూడు, కార్పెట్ కింద నేలపలక, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ ట్రే, జాకీ పెట్టే చోట్లు, కమాన్ పట్టీల చివర్లు బాడీకి తగులుకునే కొక్కేలు, ఇవీ వరసగా చూడవలసినవి. చివరి రెండింటికి విలువ ఎక్కువ, ఎందుకంటే అక్కడ రేకు మొత్తం కారును మోస్తుంది. టార్చి, చిన్న అద్దం, చెక్క పిడి స్క్రూడ్రైవరు చాలు. పిడితో రేకును నెమ్మదిగా తడుతూ పోతే గట్టి రేకు కణకణమంటుంది. పుచ్చిన చోటికి రాగానే చప్పుడు మొద్దుబారి, లోపల నుంచి ఇసుకలాంటిది రాలుతుంది. తుప్పు ఇనుము కంటే పలు రెట్లు ఉబ్బుతుంది కాబట్టి రెండు రేకులు కలిసిన అంచుల్లో ఉబ్బు, స్పాట్ వెల్డుల మధ్య అలల్లా ఎత్తు కనిపిస్తే లోపల పొరలు విడిపోతున్నట్టే. ఇంకో పరీక్షకు పరికరమే అక్కర్లేదు. ముందు తలుపు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తాలి. కీలు అరిగితే కీలు దగ్గరే కదలిక కనిపిస్తుంది. కీలుతో పాటు స్తంభం కూడా కదిలితే స్తంభం మొదలు పుచ్చిందని అర్థం. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తించి అదే తలుపు మూయించాలి. నేల మీద నున్నగా మూసుకున్న తలుపు జాకీ మీద పట్టేస్తే కారు మధ్యలో వంగుతోంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో పెరిగిన కారుకూ మెట్ట జిల్లాల కారుకూ ఇక్కడే తేడా తెలుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం గాలిలోని ఉప్పు తడి రేకును లోపలి నుంచి తింటుంది. అనంతపురం, కర్నూలు, తెలంగాణ పీఠభూమి ఎండ రేకు జోలికి అంతగా పోదు, కానీ రబ్బరును పగలగొడుతుంది, సీటు దారాలను కుళ్లబెడుతుంది, డాష్‌బోర్డును చీలుస్తుంది. సీట్లు చిరిగి, రంగు వెలిసి, అద్దాల రబ్బర్లు రాలిపోయిన మెట్ట ప్రాంతపు కారు మొదటి చూపులో ఓడిపోతుంది. కొనేవారికి అదే మంచి బేరం కావచ్చు.

పైరంగు విషయంలో అయస్కాంతాన్ని అందరూ చెబుతారు. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం రేకుకు అతుక్కుంటుంది, పుట్టీ మందంగా ఉన్న చోట జారిపోతుంది. కానీ ఇది మూడు చోట్ల మోసపుచ్చుతుంది. అల్యూమినియం బాడీకి అయస్కాంతం ఎక్కడా అతకదు. పాత ఫ్యాక్టరీలు అతుకుల దగ్గర పుట్టీ బదులు సీసం కరిగించి నింపేవి, సీసానికీ అతకదు. అంటే అతుకు దగ్గర జారిన అయస్కాంతం కారు అసలుదనానికే సాక్ష్యం కావచ్చు. ఇక పుచ్చిన రేకు మీద పల్చటి కొత్త రేకు అంటించి వెల్డింగ్ చేస్తే అయస్కాంతం హాయిగా అతుక్కుంటుంది. అందుకే రంగు మందం కొలిచే మీటరు మేలు. ఒకే తలుపు మీద ఒకచోట 150 మైక్రాన్లు, జానెడు దూరంలో 900 చూపిస్తే అక్కడ ఒక కథ ఉంది. కంటితో చదవగల సాక్ష్యాలూ తక్కువేం కాదు. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డింగ్ సమాన దూరంలో గుండ్రటి చిన్న గుంటల వరసగా ఉంటుంది; షెడ్డులో చేసిన గ్యాస్ వెల్డింగ్ గట్టు కట్టినట్టు ఎడతెగకుండా సాగుతుంది. రబ్బరు బీడింగ్ అంచున, వైర్ల మీద, తలుపు తాళం స్క్రూ తలల మీద రంగు తుంపర పడి ఉంటే భాగాలు విప్పకుండానే రంగు కొట్టారన్నమాట. ‘ఒరిజినల్ పెయింట్’ అన్న మాటను ఒక్క స్క్రూ తల అబద్ధం చేయగలదు.

ఎంత పుచ్చినా కోసి కొత్త రేకు వేయవచ్చు, టింకరింగ్ తెలిసినవారు ఉండనే ఉన్నారు, అలాంటప్పుడు తుప్పుకు ఇంత భయమెందుకు అన్నది బలమైన అభ్యంతరమే. చేతి పనితో పూర్తి బాడీని కొట్టి తీయగల నేర్పరులు మన దగ్గర ఇంకా ఉన్నారు. కానీ ఆ పని పూర్తయ్యాక చేతికొచ్చేది పునరుద్ధరించిన కారు. చెయ్యి పడని కారుకని ఎక్కువ ధర పెట్టి, ఆ గుణాన్ని తానే కోసి పారేసినట్టవుతుంది. ఖర్చు లెక్క కూడా కుదరదు. ఇంజిన్ పని ఎంతవుతుందో ముందుగా దాదాపు చెప్పవచ్చు. రేకు పని అంచనా రంగు గీకే దాకా తేలదు, ఒక రేకు తీస్తే దాని వెనక మరొకటి పుచ్చి కనిపిస్తుంది. పైగా మోనోకాక్‌లో సిల్ కోసేటప్పుడు బాడీని సరైన చోట్ల ఆనించి నిలబెట్టకపోతే తలుపుల సందులు మళ్లీ కలవవు. అందుకని తుప్పున్న కారు కొనకూడదని కాదు. దాన్ని పునరుద్ధరణ ముడిసరుకు ధరకే కొనాలి.

లోపలి భాగాల్లో చూడవలసింది అరుగుదలల మధ్య పొత్తు. ఆ కాలపు మీటర్లలో చాలావాటికి అయిదంకెలే. 99,999 దాటితే మళ్లీ సున్నా. కాబట్టి 32,000 అన్న అంకె మొదటి చుట్టో రెండో చుట్టో మీటరు చెప్పదు, పెడల్ రబ్బరు చెబుతుంది. క్లచ్ రబ్బరు ఒక అంచున ఇనుము తేలేదాకా అరిగి, డ్రైవరు సీటు స్ప్రింగులు కూలబడి, స్టీరింగు మీద చేతులు పట్టే చోట నునుపెక్కి ఉంటే అది ఎక్కువ తిరిగిన కారే. నిజంగా తక్కువ తిరిగినవీ ఉంటాయి. సంస్థానాల ఊరేగింపు కార్లు అలాంటివి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తిరిగింది కొన్ని వందల మైళ్లే. కలప చట్రం ఉన్న కార్లలో మన దేశంలో అదనంగా చెదల్ని చూడాలి. పైన అల్యూమినియం చెక్కుచెదరకుండా ఉండి లోపల కర్ర పొడి అయి ఉండవచ్చు. తలుపు అడుగున సన్నటి రంపపు పొట్టు, మట్టి గీతలు కనిపిస్తే పట్టీ విప్పించి చూడకుండా ముందుకు పోకూడదు.

ఇక ఇంజిన్. ఏళ్లుగా ఆగిపోయిన ఇంజిన్‌ను బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం, గేరులో వేసి తోయడం రెండూ పాపమే. సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కున్న రింగులు ఆ ఒక్క కుదుపుకు విరుగుతాయి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త నూనె పోసి నాననిచ్చి, హ్యాండిల్‌తో చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. అమ్మేవారు ఒప్పుకోకపోతే ఇంజిన్ పట్టేసిందనే లెక్కగట్టి ధర మాట్లాడాలి. తిరిగే ఇంజిన్ అయితే కంప్రెషన్ కొలవవచ్చు. ఇక్కడ నేటి కార్ల అంకెలతో పోల్చి కంగారు పడకూడదు. ల్యాండ్‌మాస్టర్‌లోని 1476 సి.సి. సైడ్ వాల్వ్ లాంటి పాత ఇంజిన్ల నిష్పత్తే తక్కువ. సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు నూనె పోసి మళ్లీ కొలవాలి: అంకె పెరిగితే రింగులో బోరో అరిగింది, పెరగకపోతే లోపం వాల్వుదో హెడ్ గ్యాస్కెట్‌దో. ఆయిల్ కర్రకు పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డు అంటితే నీళ్లు ఆయిల్‌లోకి దిగుతున్నాయి. చల్లని దేశాల్లో రేడియేటర్ నీరు గడ్డకట్టి ఇంజిన్ దిమ్మె పగిలిందేమో చూస్తారు. మన దగ్గర అంతకంటే ఉప్పు నీటి గార పట్టి దారులు పూడిపోవడం ఎక్కువ.

ఇంజిన్‌ను చివరకు నెట్టడం మీద కూడా ఒక అభ్యంతరం ఉంది: అరుదైన కారుకు ఇంజిన్ భాగాలే దొరకవు, అప్పుడు అది తిరిగి రానిదే కదా. ఈ మాటలో సగం ఒప్పుకోవలసినదే. అంబాసడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైంది. దాని 1489 సి.సి. ఇంజిన్‌కూ, ఫియట్ 1089 సి.సి. ఇంజిన్‌కూ సామాను పాత బజార్లలో ఇంకా దొరుకుతుంది. బోరుకొచ్చిన ఇంజిన్‌కు స్లీవ్ వేయించడం, క్రాంక్ గ్రైండింగ్ చేయించడం జిల్లా కేంద్రాల లేత్ షెడ్లకు అలవాటైన పనే. బుగాటికో డెలాజ్‌కో దిమ్మె పగిలితే సంగతి వేరు. అయితే అప్పుడు కూడా చూడవలసింది ఇంజిన్ నడుస్తోందా అని కాదు, దిమ్మె పగిలిందా, నంబరు అసలుదేనా అన్నవే. నడవకపోయినా దిమ్మె, నంబరు నిలిచిన ఇంజిన్ విలువైనది; వేరే కారు దిమ్మెతో చక్కగా నడిచే ఇంజిన్ ఆ లెక్కలో కిందిది.

మిగతావి త్వరగా తేల్చవచ్చు, ఎందుకంటే అవి ఎలాగూ మార్చవలసినవే. టైర్లు, బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్ల రబ్బర్లు, పెట్రోలు పైపులు ఎంత బాగా కనిపించినా లెక్కలోకి తీసుకోకూడదు. ట్యాంకులో పాత పెట్రోలు బంకగా మారి ఉంటుంది. పరీక్షకు విడి డబ్బాతో పెట్రోలు ఇవ్వాలి. 2000 ఫిబ్రవరి నుంచి మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు, 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపినది వస్తోంది. ఆ కాలపు రబ్బరుకు ఈ ఇథనాల్ పడదు. గుడ్డ తొడుగు వైర్లను ఎలుకలు కొరికి ఉంటాయి కాబట్టి బ్యాటరీ తగిలించే ముందు డాష్‌బోర్డు కింద టార్చి వేసి చూడాలి. చాలా బ్రిటిష్ కార్లకు 1960ల దాకా పాజిటివ్ ఎర్త్ అన్న సంగతి కూడా గుర్తుండాలి. బ్రేకు డ్రమ్ముల్లో ఆస్బెస్టాస్ పొడి ఉంటుంది, గాలి కొట్టి ఊదకూడదు. ముందు చక్రాన్ని ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే కనిపిస్తుంది. ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగానే ఆ ప్లే పోతే బేరింగుది, పోకపోతే కింగ్ పిన్‌ది.

అసలుదనం పేరుతో మురికినీ అరుగుదలనూ పూజించడం అతి అన్న విమర్శా ఉంది. కొన్ని చోట్ల అది న్యాయమైనదే. ప్రపంచ పాత వాహనాల సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ భద్రపరచడాన్నీ, క్షీణతను ఆపి నిలబెట్టడాన్నీ, పునరుద్ధరణనూ వేరువేరు పనులుగా చూస్తుంది. వాడకం వల్ల వెలిసిన రంగు చరిత్ర. నిర్లక్ష్యం వల్ల ఊడిన రేకు నష్టం. రెండింటినీ ఒకే ధరకు అమ్మజూపేవారు ఉన్నంత కాలం కొనేవారు తేడా తెలుసుకోవలసిందే. బ్రేకులు కొత్తవి వేస్తే అసలుదనం పోదు, ఎందుకంటే అవి అరిగి మార్చడానికే పుట్టాయి. తీసిన పాత భాగాలను చీటీ కట్టి దాచితే చాలు.

రోడ్డు మీద నడిపి చూడటం ఇవన్నీ అయ్యాక, బ్రేకులు పడతాయని తేలితేనే. చాలా కార్ల విషయంలో ఆ అవకాశమే ఉండదు, ఉండకపోయినా నష్టం లేదు. బేరం కుదిరిన కారును తాడు కట్టి లాక్కుపోకూడదు. పట్టేసిన చక్రాలు వదిలించి, ట్రాలీ లారీ మీదికి ఎక్కించాలి. ఇంటికి చేరగానే నీళ్ల పైపు పెట్టి కడిగేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. అంతకు ముందే ప్రతి మూలా ఫొటో తీసుకోవాలి. సీట్ల కింద దుమ్ములో పాత సర్వీసు రసీదులు, పెట్రోలు చీటీలు, టోల్ టికెట్లు దొరుకుతుంటాయి, డిక్కీ మూత లోపల సుద్దతోనో పెన్సిల్‌తోనో ఫ్యాక్టరీ కార్మికుడు గీసిన గుర్తులు ఉండవచ్చు. ఒక తడి గుడ్డ చాలు వాటిని తుడిచేయడానికి.